రాతకు అందినంత

పాట పాడటం నేర్పే ఇళ్లు సూళ్లూరుపేటలో ఉన్నాయి. సాయంత్రం పూట కొన్ని వీధుల్లో నడిస్తే సరళీస్వరాలు వినిపిస్తాయి, కీబోర్డు మీద సినిమా పల్లవులు వినిపిస్తాయి. పాట కట్టడం నేర్పే ఇల్లు మాత్రం నాకు కనపడలేదు. అది నేర్పితే వచ్చే విద్య కాదనీ, పుట్టుకతో రావాలనీ మనలో ఒక గట్టి నమ్మకం. అన్నమయ్య, త్యాగయ్య అని చేతులు జోడించి పక్కకు తప్పుకుంటాం. ఆ భక్తి మంచిదే. కానీ దాని నీడలో ఒక మామూలు ఆనందం మనకు దక్కకుండా పోతోంది. నాలుగు వరుసల బాణీ సొంతంగా అల్లుకోవడం, బాగుందో లేదో తానే విని తేల్చుకోవడం, మర్నాడు మళ్లీ కూర్చుని సరిచేసుకోవడం. వాకిట్లో ముగ్గు వేసుకున్నంత సహజంగా ఇదీ మనిషి దినచర్యలో ఉండదగ్గ పనే. ముగ్గు వేసే ఇల్లాలిని మనం పెద్ద చిత్రకారిణివా అని అడగం. వేసిన పూట వాకిలి బాగుంటుంది, చాలు.

ఒకప్పుడు స్వరం రాయడం నేర్చుకోవాలనుకున్న మా ఊరి మనిషికి చెన్నై లోకల్ రైలే దిక్కు. మూర్ మార్కెట్ స్టేషన్లో దిగి మౌంట్ రోడ్డుకు పోతే 1842 నాటి మ్యూసీ మ్యూజికల్ ఉంది. వాద్యాలు, పుస్తకాలు, ట్రినిటీ పరీక్షలు అన్నీ అక్కడే. రానూపోనూ రోజు గడిచిపోయేది. ఇప్పుడు ఆ విద్యలో కొంత భాగం డబ్బు కట్టకుండానే ఇంట్లో కంప్యూటర్లోకి దిగుతుంది. మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌ను వెర్నర్ ష్వేర్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 2002లో మొదలుపెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, దాని కోడ్ కూడా ఎవరైనా చూసుకోవచ్చు. 2022 డిసెంబరులో నాలుగో వెర్షన్ వచ్చాక అందులోంచి పలికే వయొలిన్లూ వేణువులూ వినదగ్గట్టుగా తయారయ్యాయి.

తెరవగానే ఐదు గీతల వరుసలు, ముప్పై రెండు ఖాళీ గదులు కనిపిస్తాయి. ఆ గదుల్ని బార్లు అంటారు. ఒక్కో బార్‌లో ఒక విరామ చిహ్నం ముందే కూర్చుని ఉంటుంది. ఈ సంగతి నాకు మొదటి నుంచీ ఇష్టం. పుట ఖాళీగా లేదు, నిశ్శబ్దంతో నిండి ఉంది. మనం ఒక స్వరం పెట్టినప్పుడల్లా అంతమేరకు నిశ్శబ్దాన్ని తీసేస్తున్నాం. అంత అవసరం ఉందా అని ఆ పుట ప్రతిసారీ అడుగుతున్నట్టే ఉంటుంది.

మన చెవి సరిగమలకు అలవాటు పడింది. ఆ గీతల భాష వేరు. షడ్జాన్ని సి అనే స్వరం మీద పెట్టుకుంటే శంకరాభరణం మొత్తం కీబోర్డు మీద తెల్ల మెట్లే. సంగీతం నేర్చుకునే పిల్లలకు మొదట చెప్పే మాయామాళవగౌళలో రిషభం, ధైవతం అరమెట్టు కిందికి దిగుతాయి. చిన్నప్పుడు ఆ రాగం ఎందుకు మొదట చెబుతారో ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. గీతల మీద పేర్చి చూస్తే కంటికి తెలుస్తుంది. షడ్జం నుంచి మధ్యమం దాకా ఒక అరమెట్టు, మూడు అరమెట్లు, మళ్లీ ఒక అరమెట్టు. పంచమం నుంచి పై షడ్జం దాకా అచ్చంగా అదే అమరిక. కింది సగం నేర్చుకున్న గొంతుకు పై సగం సగం వచ్చేసినట్టే. ఇంకో రోజు మోహన రాగం ఐదు స్వరాలనూ పెట్టి, రిషభాన్ని షడ్జం అనుకుని మొదలుపెడితే మధ్యమావతి. గాంధారం నుంచి మొదలుపెడితే హిందోళం, పంచమం నుంచి శుద్ధ సావేరి, ధైవతం నుంచి శుద్ధ ధన్యాసి. గ్రహభేదం అని పుస్తకాల్లో ఇది ఒక చిన్న పేరా. స్వయంగా పేర్చుకుని, వాయింపజేసి, ఒక్కో రాగం మొహం మారడం వింటే ఒక సాయంత్రం నిండుతుంది. గురువు దగ్గర నేర్చుకున్నవారికి ఇవన్నీ ఎప్పుడో తెలిసినవే. ఒంటరిగా నేర్చుకునేవాడికి తెలిసిన సంగతి కూడా కొత్తగా దొరుకుతుంది. వయసు మళ్లాక అలా దొరికే కొత్తదనం ఎంత అపురూపమో అనుభవించినవారికే తెలుస్తుంది.

అసలు విద్య ప్లే మీట నొక్కినప్పుడు మొదలవుతుంది. కంప్యూటర్‌కు దయాదాక్షిణ్యాలు లేవు, ద్వేషమూ లేదు. నేను మనసులో అనుకున్నది దానికి తెలియదు, రాసింది మాత్రమే పలుకుతుంది. లోపల విన్న బాణీ ఒకటి, బయట వినపడేది ఇంకొకటి. ఆ రెంటి మధ్య దూరాన్ని నింపాదిగా చూడటమే ఈ చదువంతా. పక్కన మనిషి ఉంటే మొహమాటానికి బాగుందంటారు, లేదా నొచ్చుకునేలా ఏదో అంటారు. ఇక్కడ రెండూ లేవు. రోజులో ఒక గంట సేపైనా పొగడ్తా తెగడ్తా లేని చోట కూర్చుని సొంత పని వినగలగడం పెద్ద ఆరోగ్యం అని నాకు అనిపిస్తుంది. మిగతా గంటల్లో మనం చేసే ప్రతిదానికీ ఎవరో ఒకరి మొహం చూస్తూనే ఉంటాం కదా.

అయితే ఆ మీట వెంటనే జవాబిస్తుంది, అందులో ఒక వల ఉంది. నాలుగు స్వరాలు పెట్టడం, నొక్కడం, మార్చడం, మళ్లీ నొక్కడం. చెవి వినడం మానేసి ఎంచుకోవడం మొదలుపెడుతుంది. వినడం వేరు, ఉన్నవాటిలో ఒకటి ఏరుకోవడం వేరు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ముందు నడక. చెంగాళమ్మ గుడి తలుపులు రాత్రింబవళ్లు తెరిచే ఉంటాయి కాబట్టి ఎప్పుడు బయల్దేరినా చేరడానికి ఒక చోటు ఉంటుంది. ఫోన్ ఇంట్లో వదిలి, కాళంగి గట్టు దాకా కూనిరాగం తీసుకుంటూ పోయి, తిరిగి వచ్చేసరికి ఏది మిగిలితే అదే రాస్తాను. దారిలో లారీ హారన్లు, రైలు కూత, టీ అంగడి దగ్గర ఇంకెవరిదో పాట. ఇన్నిటిని దాటుకుని ఇల్లు చేరిన ముక్కకు బలం ఉన్నట్టు. చేరనిది పోనీ. పోయిన బాణీల గురించి నాకు దిగులు లేదు. మనసుకు పట్టినవే మనవి.

మాటలకు బాణీ కట్టడం దగ్గర తెలుగు మనకు ఇచ్చిన సదుపాయం ఒకటి చెప్పాలి. బడిలో గురువు, లఘువు గుర్తులు పెట్టినవాళ్లందరికీ లయలో తొలి పాఠం అయిపోయింది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. ‘కాళంగి గట్టునే గుడి’ అన్నాననుకోండి. కాళం నాలుగు మాత్రలు, గిగట్టు నాలుగు, నేగుడి నాలుగు. మామూలు మాటే పన్నెండు మాత్రలై, నాలుగేసి చొప్పున మూడు ముక్కలుగా విడిపోయింది. ఇప్పుడు దాన్ని ఆది తాళంలో పెట్టాలి. ఎనిమిది క్రియలకు రెండేసి మాత్రల చొప్పున పదహారు. నాలుగు మాత్రలు మిగిలాయి. వాటినేం చేయాలి? చివరి అక్షరాన్ని సాగదీయొచ్చు. రెండో ముక్క దగ్గర ఒక సంగతి వేయొచ్చు. మొదట్లోనే రెండు మాత్రలు ఆగి, తాళం పడ్డాక ఎత్తుకోవచ్చు. ఏమీ చేయకుండా వదిలేయనూ వచ్చు. పాట కట్టడం అంటే నాకు అర్థమైనంతలో ఈ మిగిలిన నాలుగు మాత్రల గురించి ఆలోచించడమే. మాట తనకు కావాల్సిన చోటు తాను తీసుకుంటుంది. మిగిలిన చోటును ఎలా వాడామన్నదే మన చేతిలో ఉన్న సంగతి.

చాలాసార్లు వదిలేయడమే సరైన జవాబు అవుతుంది. నిశ్శబ్దం ఎంత గట్టిగా పలుకుతుందో మా ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. శ్రీహరికోట ప్రయోగ వేదికలు మాకు గాలిదారిన దాదాపు 22 కిలోమీటర్లు. రాకెట్ ఎగిరే వేళ మేడ మీద నిలబడితే ముందు వెలుగు లేస్తుంది. శబ్దం రావడానికి నిమిషం పైనే పడుతుంది. ఆ నిమిషంలో మేడల మీద ఎవరూ మాట్లాడరు. చంటిపిల్లలు కూడా తూర్పుకే చూస్తారు. వస్తుందని తెలిసిన శబ్దం కోసం ఆగిన ఆ నిమిషాన్ని ఏ వాద్యమూ వాయించలేదు. నా చిన్న ముక్కల్లో విరామాలు కాస్త ఎక్కువే ఉంటాయంటే, ఆ అలవాటు ఈ ఊరు పెట్టిందే.

సొంతంగా నేర్చుకోవడం అన్న మాట తీసుకుంటే నాకు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గుర్తుకొస్తారు. శ్రీకాళహస్తిలో, తిరుపతిలో చదువుకున్న మనిషి. శాస్త్రీయ సంగీతం పద్ధతి ప్రకారం నేర్చుకోలేదు. 1977లో ‘కన్యాకుమారి’కి సంగీత దర్శకుడయ్యారు. ‘శంకరాభరణం’ పాటలకు జాతీయ పురస్కారం అందుకున్నారు. అందుకున్నారు గనక చదువు అక్కర్లేదని కాదు. ఆ సినిమా బాణీల వెనక కేవీ మహదేవన్ ఉన్నారు, వాటిని వాక్యం వాక్యం పాడించిన పుహళేంది ఉన్నారు, హరికథలు చెప్పే తండ్రి సాంబమూర్తి ఇంట్లోనే ఉన్నారు. గురువు ఎదురుగా కూర్చోకపోయినా చెవి ఎవరి దగ్గరో ఒకరి దగ్గర కూర్చునే ఉంటుంది. ఒంటరిగా నేర్చుకునేవాడు నిజానికి చాలామంది దగ్గర నేర్చుకుంటాడు, అందులో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. ఆ రుణం తీర్చేది కాదు, తలుచుకునేది.

ఇక గమకం. మ్యూజ్‌స్కోర్‌లో తోడి రాగం ఆరోహణ రాసి వాయింపజేయండి. స్వరాలన్నీ ఉంటాయి, తోడి ఉండదు. గాంధారం కదలాలి, ఊగాలి, మధ్యమాన్ని తాకి వచ్చినట్టుండాలి. గీత మీద గుండ్రటి చుక్క ఎక్కడ పెడితే అక్కడే నిలబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో స్వరాన్ని సెంట్ల లెక్కన పైకీ కిందికీ జరపొచ్చు. అరమెట్టుకు వంద సెంట్లు. రెండు స్వరాల మధ్య జారుడు గీత గీయొచ్చు. అయినా ఆ ఊపు రాదు.

ఈ కష్టం కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1904లో ఎట్టయపురం సంస్థానం అచ్చుకూటం నుంచి సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వచ్చింది. తమిళ దేశంలో, తమిళ సంస్థానంలో, తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకం. అప్పట్లో దక్షిణాదిన సంగీతం చదువుకోవాలంటే తెలుగు చదవాలి. దాని వెనక ఉన్న మరో మనిషి చిన్నస్వామి ముదలియారు. మద్రాసులో ఉండే క్రైస్తవుడు. మన కృతులు పాశ్చాత్యుల ఐదు గీతల మీద ఎక్కాలని, లోకం వాటిని చదవాలని, సొంత సొమ్ము పోసి 1890లలో సంచికలు అచ్చువేశాడు. దీక్షితుల దగ్గరున్న కృతుల భాండాగారం పుస్తకంగా రావాలని ఎట్టయపురం రాజును వేడుకున్నదీ ఆయనే. గమకాలకు దీక్షితులు గుర్తులు కల్పించాడు. కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, జారు, ఒక్కోదానికి ఒక్కో చిహ్నం. వేల స్వరాలకు ఆ చిహ్నాలన్నీ సీసపు అక్షరాల్లో పేర్చిన కంపోజిటర్ల ఓపికను తలుచుకుంటే, మౌస్‌తో రెండు నొక్కులు నొక్కడానికి విసుక్కునే మనసు ఇట్టే నెమ్మదిస్తుంది.

ఆ పుస్తకాన్ని పుట పుటా చూస్తుంటే నాకు బాగా నచ్చేది అందులోని పట్టుదల. ఊగేదాన్ని, జారేదాన్ని, చెవి నుంచి చెవికి తప్ప అందనిదాన్ని కాగితం మీదికి తేవాలని అరవై దాటిన విద్వాంసుడు కూర్చున్నాడు. పూర్తిగా అందదని ఆయనకంటే తెలిసినవారు లేరు. అందినంత మాత్రం తేడా లేకుండా రాశాడు.

మా జిల్లాలోనే దీనికి రెండో ముఖం ఉంది. అన్నమయ్య సంకీర్తనలు ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో రాగిరేకుల మీదికెక్కి, తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారంలో ఉండిపోయాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారి శ్రమతో 20వ శతాబ్దంలో బయటికి వచ్చినప్పుడు చూస్తే, పాట ఉంది, రాగం పేరు ఉంది. అత్యధిక సంకీర్తనలకు స్వరం లేదు. పాడినవాళ్లు పోయారు, బాణీ వాళ్లతో పోయింది. చెక్కడానికి రాగి ఉంది, చెక్కే చేయి ఉంది, బాణీ మాత్రం అందరికీ తెలిసిందే కదా అనుకుని ఉంటారు. అందరికీ తెలిసినదే అన్నిటికంటే ముందు మాయమవుతుంది. మన అమ్మమ్మలు పాడిన జోలపాటల గతీ ఇంతే.

ఆ లోటులోకి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దిగారు. మాటను చదివి, రాగాన్ని తలచి, బాణీలు కట్టి స్వరంతో అచ్చువేయించారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి. ఆ తర్వాత గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్, ఒక్కరే ఆరు వందలకు పైగా సంకీర్తనలకు బాణీలు కట్టారు. వీళ్ల పనిని జాగ్రత్తగా గమనించడం నాలాంటి ప్రారంభకుడికి గొప్ప పాఠశాల. మాట ఐదు వందల ఏళ్ల నాటిది, దాన్ని మార్చకూడదు. బాణీ ఈనాటిది, మాట కంటే గట్టిగా పలకకూడదు. తన ముద్ర ఉండాలి, తాను ముందుకు రాకూడదు. పాట విన్న జనం అది మొదటి నుంచీ అలాగే ఉందనుకోవాలి. ఇంట్లో పెద్దరికం చేసేవారికీ ఇంతకంటే వేరే నియమం ఉంటుందనుకోను.

2025 మార్చి 8న లండన్‌లోని ఈవెంటిమ్ అపోలోలో ఇళయరాజా సింఫనీ ‘వాలియంట్’ను రాయల్ ఫిల్‌హార్మనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. వాద్యం ముట్టకుండా మనసులో విని కాగితం మీద పెట్టే మనిషి ఆయన. ఎవరెప్పుడు ఎంత గట్టిగా పలకాలో సర్వం రాత. ఆ రాతను చదివి, ఆయన మాట తెలియని, ఆయన ఊరు చూడని వాద్యకారులు ఆయన విన్నదాన్ని పలికించారు. మర్నాడు మార్చి 9న తిరుపతిలో బాలకృష్ణప్రసాద్ కన్నుమూశారు. ఎవరో రాయకుండా వదిలిన చోటును జీవితమంతా నింపిన మనిషి. రెండు వార్తలూ పక్కపక్క రోజుల్లో చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఒకరికి రాత సమస్తం. ఇంకొకరికి రాత లేకపోవడమే జీవితం. నా కంప్యూటర్ ముందు నేను ఈ రెంటి మధ్యా ఎక్కడో ఉన్నాను. ఇలా ఎంతవరకు రాయాలి, ఎక్కడ వదలాలి అన్నది నాకు ప్రతి బార్‌లోనూ ఎదురయ్యే ప్రశ్న అయింది.

దానికి జవాబు లాంటిది మా వీధిలో వయొలిన్ నేర్చుకునే అమ్మాయి దగ్గర దొరికింది. ఆభేరిలో కట్టిన ఒక చిన్న ముక్కను సరిగమల్లోకి మార్చి, అచ్చు తీసి ఇచ్చాను. చూసి, తల పక్కకు వాల్చి, “ఈడ గా ఊపాల గదా మామయ్యా, గుర్తేం పెట్టలేదే?” అంది. నీకెట్లా తోస్తే అట్లా వాయించమ్మా అన్నాను. వాయించింది. గాంధారం మధ్యమం దగ్గర్నుంచి దిగుతూ వచ్చింది. కంప్యూటర్ ఎన్నిసార్లు పలికినా రానిది, నేను లోపల విన్నదానికీ కాస్త భిన్నమైనది, ఆ పిల్ల గురువు ఆమె చేతికి ఇచ్చినది. నేను వదిలిన చోట్లో ఆమె గురువు, ఆ గురువుకు గురువు వచ్చి కూర్చున్నారు. ఆ గుర్తు నేను పెట్టి ఉంటే ఆమె నా గుర్తును వాయించి ఉండేది. అప్పటి నుంచి పల్లవి ఎత్తుగడ, తాళం, ముక్తాయింపు కచ్చితంగా రాస్తున్నాను. గమకం అవసరమైన చోటే, అదీ లేకపోతే రాగం మారిపోతుందనుకున్న చోటే గుర్తు పెడుతున్నాను. మిగతాది వాయించేవారిది.

రాసింది నిలుస్తుందా అన్న ప్రశ్న కూడా ఉంది. 1988లో మొదలైన ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ను ఇక ముందుకు తీసుకెళ్లబోమని దాని సంస్థ 2024 ఆగస్టులో ప్రకటించింది. జీవితకాలం పనిని అందులో దాచుకున్న సంగీతకారులు ప్రపంచమంతటా ఉన్నారు. రాగిరేకు ఐదు వందల ఏళ్లు నిలిస్తే, ఇది ముప్పై అయిదేళ్లు దాటి కొద్దిగా. అందుకని ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగలిగే మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ రూపంలో ఒక ప్రతి ఉంచుకోవాలి, కాగితం మీద ఒకటి తీసుకోవాలి. వీలైతే ఇంకొకరి చేతికి నేర్పాలి. అన్నమయ్య బాణీల సంగతి తెలిశాక ఈ మూడోదే మొదటిది కావాలని నేను అనుకుంటాను.

మా ఊళ్లో, లేదా ఇలాంటి ఏ చిన్న ఊళ్లోనైనా, ఉద్యోగ విరమణ చేశాకో పిల్లలు చదువులకు వెళ్లాకో ఈ పని మొదలుపెట్టాలని మనసున్నవారికి నా తరఫున ఒక మాట. సింఫనీతో మొదలుపెట్టకండి. వాద్యం ఒక్కటి చాలు, వేణువు పెట్టుకోండి. రాగం మాయామాళవగౌళ, తాళం ఆది. మీ వీధి పేరో, మీ అమ్మగారు తరచూ అనే మాటో తీసుకుని గురులఘువులు గుర్తించండి. ఎన్ని మాత్రలు వచ్చాయో లెక్కపెట్టి, ఒక ఆవర్తనంలో ఎన్ని మిగిలాయో చూడండి. ప్లే మీట నొక్కకముందు గొంతెత్తి పాడండి. రెండు ఆవర్తనాలు పూర్తయ్యాక తేదీ వేసి దాచండి. మూడో రోజు తెరిచి వినండి, అప్పుడు మార్చండి. తర్వాత దాన్ని పాడగలిగినవారి ఇంటికి కాగితం పట్టుకుని వెళ్లండి.